ఖాళీ డబ్బా ఇవ్వని సిరాజుద్దీన్ సారు

సిరాజుద్దీన్ సారు ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వరు. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెలో ఇంత చక్కెరైనా వేసి ఇవ్వడం అందరిళ్ళలోనూ ఉన్నదే. సారు దగ్గర ఆ మర్యాద ముదిరి పిచ్చయింది. ఖాళీగా ఏది కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. మా ఆఫీసు సెక్యూరిటీ గార్డు బబ్లూ తన హెల్మెట్‌ను వెల్లకిలా పెట్టిన పాపానికి అందులో జామకాయలు పోశారు. డ్యూటీ దిగిన బబ్లూ చూసుకోకుండా దాన్ని ఎత్తి తలమీద బోర్లించుకున్నాడు.

"ఏంది సార్ గిది?" అన్నాడు నెత్తి తడుముకుంటూ.

"ఖాళీగ ఉండె కద బేటా, పాపం!"

"హెల్మెట్ ఖాళీగనే ఉంటది సార్. తలకాయ కోసం."

"తలకాయ వచ్చేదాంక ఖాళీగ ఎందుకుండాలె?"

బబ్లూ జామకాయలు ఏరుకుని జేబుల్లో నింపుకున్నాడు.

ఏ డబ్బా చేతికిచ్చినా సారు ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. గడగడమంటే సరిగా నిండలేదన్నమాట, ఏదో ఒకటి కుక్కాల్సిందే. నా లంచ్ డబ్బా ఎన్నిసార్లు నిమ్మకాయలతో ఇల్లు చేరిందో! ఆయన స్కూటర్ వెనక సీటుదీ అదే కథ. దేవరయాంజాల్‌లో బయల్దేరితే ఆఫీసు చేరేలోపు దానిమీద ఎవరో ఒకరు ఉండాలి. బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దావిడను బతిమాలి ఎక్కించుకుని మా గేటు దాకా తెచ్చేశారు. తీరా చూస్తే ఆవిడ వెళ్ళాల్సింది ఎదురు దిక్కు. ఆవిడను దిగబెట్టి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

ఇలాంటి మనిషికి దేవుడిచ్చిన ఉద్యోగం చూడండి. శామీర్‌పేట పక్కన మా కంపెనీలో జన్యువుల మందు తయారుచేస్తాం. మనిషికి హాని చెయ్యని ఒక వైరస్‌ను పట్టుకుని, దాని సొంత సరుకు తీసేసి, రోగికి లేని మంచి జన్యువును అందులో పెడతాం. ఒంట్లోకి ఎక్కిస్తే అది కాలేయం దాకా వెళ్ళి సరుకు దింపుతుంది. తంటా ఏమిటంటే, తయారీలో కొన్ని వైరస్ డొల్లలు సరుకు ఎక్కకుండానే బయటికొస్తాయి. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. అందులో ఖాళీవి ఎన్నో తేల్చి, మందు బయటికి వదలొచ్చని సంతకం పెట్టేది సిరాజుద్దీన్ సారు. తయారుచేసే వైపు నేను పనిచేస్తాను.

మా తమ్ముడు ఎడ్వర్డ్‌కు పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. చిన్న దెబ్బకే మోకాళ్ళలోకి రక్తం దిగి వాచిపోయేవి. మేం తయారుచేసే మందుతో నగరంలోని ఒక ఆసుపత్రి మొదలుపెట్టిన ప్రయోగ చికిత్సకు వాడిని ఎంపిక చేశారు. ఆ సంబరంలో మా అమ్మ ఎలీషమ్మ, మందు రాకముందే మా రావల్‌కోల్ చర్చిలో లేచి, దేవుడు కొడుకును బాగుచేశాడని సాక్ష్యం కూడా చెప్పేసింది.

సారు ఆ మందు ఆపేశారు.

ఖాళీ డొల్లలు ఎక్కువున్నాయట. హద్దు దాటింది కాస్తే. పైవాళ్ళు ఈసారికి పోనిద్దామన్నారు. సారు పెన్ను మూత తియ్యలేదు. నేను ఆయన గదిలోకి దూసుకెళ్ళాను.

"సార్, మొదటి వరసల మా తమ్ముడున్నడు!"

"తెలుసు బేటీ."

"తెలిసే ఆపిండ్రా?"

"గీ వైరస్ బండి ఒక్కసారే పోతది ప్రిస్కిల్లా. రెండోసారి పోతే ఒళ్ళు దాన్ని గుర్తువట్టి దర్వాజనే తియ్యది. ఉన్న గా ఒక్క చాన్సుల ఖాళీ డబ్బాలు ఎట్ల పంపాలె?"

"కొత్తది తయారయ్యేదాంక వాని మోకాళ్ళు ఆగుతయా సార్?"



మోకాళ్ళు ఆగలేదు. కొత్త మందు తయారవుతుండగానే ఎడ్వర్డ్ ఎడమ మోకాల్లోకి రక్తం దిగింది. వాపు తగ్గింది గానీ ఆ కాలు మళ్ళీ పూర్తిగా చాపుకోలేకపోయాడు. అప్పటి నుంచి సారు నా చేత డబ్బా పంపడం మొదలుపెట్టారు. ఒకరోజు ఖర్జూరాలు, ఒకరోజు వాళ్ళింటి సేమ్యా. అమ్మ అవి వంచుకుని, డబ్బా కడిగి, తుడిచి, ఖాళీగా తిరిగి పంపేది. మా వాడలో ఇంతకు మించిన తిట్టు లేదు. సారు దాన్ని చెవి దగ్గర ఊపి, "మంచిగ కడిగిండ్రు" అనేవారు. మర్నాడు మళ్ళీ నింపి ఇచ్చేవారు.

మోకాలికి వ్యాయామం చేయించుకోవడానికి ఎడ్వర్డ్ మేడ్చల్ వెళ్ళాల్సి వచ్చేది. వాడు బయల్దేరే వేళకు మా ఇంటి ముందు స్కూటర్ హారన్ మోగేది.

"మేడ్చల్ దిక్కే పోతున్న బేటా. సీటు ఖాళీగ పోతాంది, జల్దీ కూసో."

అమ్మ మొహం తిప్పుకునేది. ఒకనాడు స్కూటర్ వెళ్ళిపోయాక నన్నడిగింది.

"సారుది ఏ ఊరే?"

"దేవరయాంజాల్."

"దేవరయాంజాల్ కెళ్ళి మేడ్చల్ పోయెటోనికి నడుమల రావల్‌కోల్ ఎట్ల తాకుతది?"

నిజమే, తాకదు. అన్నాళ్ళూ నాకు ఆ సంగతే తట్టలేదు.

కొత్త మందు వచ్చింది. సారు ఊపి చూడడం ఒక్కటే తక్కువ, అన్ని పరీక్షలూ చేసి సంతకం పెట్టారు. ఎడ్వర్డ్‌కు ఎక్కించారు, పనిచేసింది. ఇప్పుడు దెబ్బ తగిలితే మనలాగే కట్టు కట్టుకుంటాడు. కాలు మాత్రం కుంటుతూనే ఉంది. ఆ మొదటి మందు వదిలి ఉంటే మోకాలు దక్కేదేమో, లేక ఉన్న ఒక్క అవకాశమూ దండగయ్యేదేమో. తెలుసుకునే దారి లేదు. వాడు మెట్లెక్కుతుంటే చూసినప్పుడల్లా నేను మళ్ళీ ఆ లెక్కే వేసుకుంటాను.

సారు రిటైరైన రోజు ఎడ్వర్డూ అమ్మా మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చారు.

"కాలు ఎట్లుంది బేటా?" అన్నారు సారు.

"గది ఇగ గట్లనే ఉంటదంట సార్."

సారు తల దించుకున్నారు. "గసొంటి మందు మళ్ల వస్తే మళ్ల ఆపుత. కని నీ కాలు జూస్తే నాకు ముద్ద దిగదు. మాఫ్ చెయ్ బేటా."

ఎడ్వర్డ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ సంచిలోంచి డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది.

"కోపం పోయిందని కాదు సారూ. డబ్బా మీది. ఖాళీగ ఇయ్య బుద్ధి కాలే."

సారు చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. చప్పుడు లేదు. అనుమానంగా ఇంకోసారి ఊపారు. అయినా చప్పుడు లేదు. రవ్వ లడ్డూలు చిట్లిపోయేంతగా కుక్కింది మా అమ్మ.

"పాస్!" అన్నారు సారు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే అదే డబ్బా ఒక సంచిలో మా గేటుకు వేలాడుతోంది. "రిటైరైనా గీ మనిషి మారడు" అని గొణుక్కుంటూ అమ్మ దాన్ని లోపలికి తెచ్చింది. మూత తియ్యబోయి ఆగి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.