పెద్దమ్మ కుడి భుజం

పోయిన వారం పొద్దున్నే కెలమంగలం నుంచి మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది పాపా. నిద్రలోనే" అన్నాడు. పురుగులు మంచి ఆకలి మీదున్నాయి, వాటికి ఆకేసి వచ్చి మిగతా వాళ్లకు చెబుతానన్నాడు. ఇంకో ఇంట్లో అయితే ఆ మాట కటువుగా వినిపించేది. పట్టుపురుగులు పెంచే ఇల్లు అది. పెద్దమ్మ ఉంటే ముందు ఆకెయ్యమనే చెప్పేది.

ఆమెకు కుడి భుజం నొప్పి పదేళ్ల నాటిది. పురుగులను వరసలుగా పెంచే స్టాండులో తలకంటే ఎత్తున్న పై వరసకు రోజూ మల్బరీ కొమ్మలు ఎత్తగా ఎత్తగా పట్టుకున్నది. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. రవిక తొడుక్కోవాలంటే గోడకు ఆనుకుని తంటాలు పడేది, కానీ ఎవర్నీ పిలిచేది కాదు. హోసూరులో ఉద్యోగం చేసే నేను ఆదివారాలు వెళ్లి జడ వేసేదాన్ని. నా చేతికి వాటం లేదని వెక్కిరిస్తూనే కదలకుండా కూర్చునేది.

పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ భుజానికి ఏమీ రాయనిచ్చేది కాదు. పట్టుపురుగుకు ఘాటు వాసన పడదు. అగరుబత్తి, పౌడరు, నొప్పి బామ్ ఏవీ ఆ గడప దాటకూడదు. పట్టుగూళ్లు మార్కెట్టుకు పోయాకే ఆమె బామ్ సీసా మూత తీసేది. అప్పటిదాకా నెల రోజులు ఓర్చుకోవడమే. నాకది వట్టి చాదస్తంగా తోచేది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె వసారాలో కునుకు తీస్తుంటే, ప్రేమ కొద్దీ ఆ భుజానికి బామ్ రాసి గట్టిగా రుద్దేశాను. ఉలిక్కిపడి లేచింది. కళ్లలో నీళ్లు. తిట్టలేదు గానీ, "ఇంగ నేను లోపలికెట్ల పోయేది పాపా" అంది. నాచేత సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడిగించి, తను బయటే నిలబడి, ఏ వరసకు ఎంత ఆకు వేయాలో చెబుతూ వేయించింది. పై వరస సగం కాకముందే నా భుజాలు లాగేశాయి. సిగ్గేసింది.

మర్నాడు సెలవు పెట్టి ఆమెను హోసూరులో డాక్టరుకు చూపించాను. భుజంలో కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ చాలాకాలంగా అరిగి, కీలు లోపలి పల్చటి పొర వాచి నీరు పట్టిందన్నాడు. గట్టిగా రుద్దితే మంట ఎక్కువవుతుందని, ఎవరైనా చెయ్యి ఎత్తితే మోచేతి కింద ఆసరా ఇచ్చి ఎత్తాలని చెప్పాడు. నేను తలెత్తలేకపోయాను. తిరుగు బస్సులో పెద్దమ్మే నన్ను ఓదార్చింది. "పట్టుగూటికీ లోపల అట్లాంటి పొర ఉంటాది. దారమంతా తీసినాక గానీ కనపడదు. నీకెట్ల తెలుస్తాది? ఊరుకో." ఊరుకోలేక ఊరొచ్చేదాకా ఏడ్చాను.

అన్న ఆ వారమే స్టాండు పై వరస కోసి తీసేశాడు. పంట తగ్గుతుందని ఆమె మూడు రోజులు అలిగింది. తర్వాత మందులతో, గోడ మీద వేళ్లు పాకించే కసరత్తుతో నొప్పి కొంత దిగింది, పూర్తిగా పోలేదు. నాకు తొందరెక్కువని ఆమెకు తెలుసు. జడ వేయడానికి కూర్చున్నప్పుడల్లా "వాచిన చోట పెత్తనం చెయ్యగూడదు" అని నవ్వేది. ఆ మాట నాకు ఆఫీసులోనూ, ఇంట్లోనూ చాలాసార్లు అక్కరకొచ్చింది. మనుషుల దగ్గర నెమ్మదిగా ఉండడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె పోయిన రోజు కడసారి స్నానం చేయించాక కొత్త రవిక తొడిగే పని నాకొచ్చింది. ఎడమ చెయ్యి అయింది. కుడి చెయ్యి దగ్గర నేను ఆలస్యం చేస్తున్నానని పక్కింటి అవ్వ, "ఆ యమ్మకు ఇంగ నొప్పేం తెలుస్తాది, బిన్నా తొడుగమ్మా" అంది. తెలియదని నాకూ తెలుసు. అయినా మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి, ముఖం ఎక్కడ ముడుచుకుంటుందోనని ఆమె వైపే చూస్తూ, కొంచెం కొంచెంగా ఎత్తాను.