వరన్నం పెట్టిన రోజు

ఒక్క పూట భోజనంతో తొమ్మిదిమంది ముసలివాళ్ల చేత శోకాలు పెట్టించిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను చూశాను. రోజూ తల దువ్వుకునేటప్పుడు అద్దంలో కనబడుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పత్తికొండ దగ్గరి పల్లెలో మా చర్చి సంఘంవాళ్లు దిక్కులేని పెద్దవాళ్లకోసం ఒక ఇల్లు నడిపేవారు. దాన్ని చూసుకోమని నన్ను పిలిచారు. నాకు ఇరవై నాలుగేళ్లు. బడి గడప తొక్కలేదు. నాయన వాకిట్లో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలు, అమ్మ నేర్పిన ప్రార్థన, ఇవే నా డిగ్రీలు. అయినా తాళాలగుత్తి నడుముకు దోపుకోగానే జిల్లా కలెక్టరునైపోయాను.

మొదటి రోజు పొద్దున్నే మార్తమ్మవ్వ నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, మా చెల్లెలు సాలమ్మ కర్నూలాసుపత్రిలో ఉండాది. శానా జబ్బు. ఒకతూరి చూపిస్తావా?"

"చూద్దాంలే అవ్వా," అన్నాను. నాకంటే ముందున్నవాళ్లు కూడా రెండు నెలలుగా ఆ మాటే అంటున్నారట.

నా తొందర వేరే. ఇంత మంచి పని ఇచ్చిన దేవుడికి కృతజ్ఞతగా అందరికీ వరన్నం, పప్పు, నెయ్యి వడ్డించాలి. మాది కాలవ కింది ఊరు, మూడు పూటలా వరన్నమే. నాయన పంపిన బియ్యం మూట విప్పితే వంటచేసే సువార్తమ్మ నోరెళ్లబెట్టింది.

"మామూలు దినం వరన్నమా? ఎందుకుమ్మా?"

"ఊరికేనే. ముందే ఎవరికీ చెప్పకు."

విస్తళ్లలో తెల్లటి అన్నం పడగానే తొమ్మిది చేతులూ ఒడిలోనే ఉండిపోయాయి. ఆ మెట్టపల్లెల్లో రోజూ సంగటే. వరన్నం పండగకు వండుతారు, లేదంటే చావు దినానికి. ఆ వేళ పండగ కాదని వాళ్లకు తెలుసు. ఈ ఆచారమే నాకు తెలియదు.

"ఎవురు పోయినారుమ్మా?" అన్నాడు చెవుడున్న ఓబయ్యతాత.

ఎవరూ పోలేదని ఊరుకుంటే నా సొమ్మేం పోయేది? దేవుడి వాక్యం చెప్పే అవకాశం వచ్చింది కదా అని గొంతు సవరించుకున్నాను. "ఇవాళ ఒకరు, రేపు ఒకరు, అందరం ప్రభువు దగ్గరికి పోవలసినవాళ్లమే తాతా!"

"ఏమంటాంది?" అని తాత పక్కనున్న అవ్వను అడిగాడు.

"ఈ పొద్దు ఒగరు పోయినారంట. రేపు ఇంగొగరంట!"

మార్తమ్మవ్వ లేచి నిలబడింది. "మా సాలమ్మేనా?"

"అయ్యో, కాదవ్వా! ముందు భోంచెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం."

"ఇన్నారా, తిన్నంక చెప్తాదంట!" అని అవ్వ గుండెలు బాదుకుంది. ఓదార్చబోయిన ఎనిమిదిమందీ ఎవరికి వాళ్లు తమ పోయినవాళ్లను తలుచుకుని శోకం అందుకున్నారు. దారినపోయేవాళ్లు లోపలికొచ్చి, ఎవరికోసమో అడగకుండానే ఏడ్చిపోయారు. ఎవరూ పోలేదని నేను మొత్తుకునేకొద్దీ, "పాపం, సిన్నపిల్ల, సెప్పలేకుండాది," అని నన్నే ఓదార్చారు.

మరుసటి పొద్దున మొదటి బస్సుకే అవ్వను కర్నూలు తీసుకెళ్లాను. దారంతా ఆమె ఏడుపు, నా ప్రార్థన. మంచం మీద సాలమ్మ ఎండిన కందికంపలా ఉంది గాని, కళ్లు తెరిచి అక్కను చూసింది.

"ఏడ్చుకుంటా వచ్చినావేమక్కా? నేనింగా పోల్యా."

"ఈ పిల్ల నీకు దినం కూడా చేసేసిందే!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చేతులు పట్టుకున్నారు. సాయంత్రం బస్సు వేళదాకా ఆ చేతులు వదల్లేదు.

మేం తిరిగొచ్చిన ఆరో రోజున సాలమ్మ నిజంగానే పోయిందని కబురొచ్చింది. మార్తమ్మవ్వ అరుగు మీద కూర్చుంది. కంట తడి లేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏమ్మా, వాక్యం చెప్పవా?"

"నేను నోరు తెరిస్తే ఇంకెవరన్నా పోతారేమోనని భయం అవ్వా."

అవ్వ నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. నా భుజం తడిసేదాకా ఏడ్చింది. సువార్తమ్మ వచ్చి, బియ్యం కడగమంటారా అని మెల్లగా అడిగింది.

"వద్దులే," అంది అవ్వ, ముక్కు తుడుచుకుంటూ. "మా సాలమ్మకు ఈయమ్మ ముందే పెట్టేసింది."

ఆ ఆదివారం ముసుగు వేసుకుని, మోకాళ్లూని, కడుగంభీరంగా దేవుడికి విన్నవించుకున్నాను: "ప్రభువా, నా తెలివితక్కువతనాన్ని కూడా వాడుకుని ఆ అక్కచెల్లెళ్లను కలిపావు, నీకు స్తోత్రం. ఇకమీదట ఎవరినైనా కలపదలిస్తే తిన్నగా నాతోనే చెప్పు, బస్సెక్కిస్తాను. పండగ కాని రోజున ఈ ఇంట్లో వరన్నం మాత్రం వండించనని మాట ఇస్తున్నాను. ఆమేన్."