ముందే ముట్టించిన పొయ్యి

గౌరీబాయిని మా సూర్యాపేట కాలేజీలో అందరూ నెమ్మదస్తురాలు అనేవారు. నెమ్మదస్తురాలు కాదు, నోరు నొక్కేస్తే ఊరుకున్న మనిషి. పక్క కుర్చీలో ఆరేళ్లు కూర్చున్నాను, నాకు తెలుసు.

ఆమెది నేరేడుచర్ల దగ్గర తండా. తండ్రి జైరాం మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ మండించేవాడు. 2003లో ఆమె హైదరాబాద్‌లో చంద్రమౌళి అనే ప్రొఫెసర్ దగ్గర పరిశోధనకు చేరింది. ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్తే దాని ఒంటి మీద విద్యుత్తు పేరుకుంటుంది. పెట్రోలు ట్యాంకరుకైతే గొలుసు నేలకు వేలాడదీస్తారు. ఆకాశంలో నేలేది? అందుకే ఒక గొట్టంలోంచి ప్లాస్మాను, అంటే విద్యుత్ కణాలుగా విడిపోయిన వాయువును, బయటికి ఊది దాన్ని పోగొడతారు. కానీ ల్యాబులో అలాంటి నీడను కల్పించి చూస్తే, ఆ గొట్టం వేడెక్కి వెలిగేలోపే పేరుకున్న విద్యుత్తు మెరుపులై లేచి పరికరాలు కాలిపోయేవి. రెండేళ్లు ఇదే గోస.

సెలవుకు వచ్చినప్పుడు తండ్రికి చెప్పుకుని ఏడ్చిందట. ఆయన నవ్వాడు.

"వడ్లు వచ్చినంక పొయ్యి ముట్టిస్తే ఆవిరెప్పుడొస్తది బిడ్డా? ముందుగాల్నే ముట్టియ్యాలె."

తిరిగి వెళ్లి, తండ్రి మాట ప్రొఫెసరుకు చెప్పి, గ్యాసు వదలకుండా గొట్టాన్ని మాత్రం ముందే వేడిచేసి ఉంచింది. నీడ వేళకు గ్యాసు వదలగానే టక్కున వెలిగింది. ఒక్క మెరుపు లేదు.

పేపరు అచ్చయింది. పేర్లు చంద్రమౌళివీ, ఆయన మేనల్లుడివీ. సొమ్మొకడిది, సోకొకడిది. అడిగితే "తర్వాతి దాంట్లో నీ పేరు పెడదాంలేమ్మా" అన్నాడట. ఆ తర్వాతిది రానే లేదు. ఆమె కాంట్రాక్టు లెక్చరరుగా మా దగ్గర తేలింది.

2014లో సైన్స్ దినోత్సవానికి ఆయనే ముఖ్య అతిథి. గౌరీబాయి తండ్రిని పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టింది.

"ఇయ్యాల నా పేరు సెప్తడు మేడం. నా కాలేజీకే వచ్చి సెప్పకపోతడా?"

నాకు నమ్మకం లేదు.

చంద్రమౌళి గంటసేపు మాట్లాడాడు. "ఒకసారి మిర్యాలగూడలో మిల్లు ముందు టీ తాగుతూ, బాయిలర్ మండించే అతన్ని చూశాను. అప్పుడే నాకు తట్టింది!"

సిగ్గులేని మనిషి, ముసలాయన మాటను కూడా వదల్లేదు. హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది జైరామే. కూతురి వైపు తిరిగాడు, మొహం వెలిగిపోతోంది.

"సారు మన మిల్లుకొచ్చిండా బిడ్డా? గా మనిషిని నేనేనంటవా?"

గౌరీబాయి శాలువా పళ్లెం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఆఁ నాయినా, నిన్నే సూసిండు," అని, చంద్రమౌళికి కప్పడానికి స్టేజీ ఎక్కింది.