ఆదివారం మా ఇంటికి వచ్చిన మనిషి

ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేను ఎవరినీ ఇష్టపడకుండా జాగ్రత్తగా బతికాను. కోలారు బంగారు గనులు మూతపడిన కొన్నేళ్లకు, ఊపిరితిత్తుల్లో పేరుకున్న గని దుమ్ముతో మా నాన్న పోయాడు. ఆ తర్వాత చాలాకాలం అమ్మ నోరు విప్పలేదు. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఊరిగాంలో గని కంపెనీ ఇచ్చిన మా రెండు గదుల ఇంట్లో ఆమెను రోజూ చూస్తూ, నాకీ గతి వద్దనుకున్నాను.

వేమగల్ ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఆయనది ముళబాగిలు. భార్య పోయి ఏళ్లయింది, పిల్లల్లేరు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చుని, తాను వండి తెచ్చిన పులుసు నాకూ కొంచెం పోసేవారు. ఒకరోజు పులుసు పోస్తూనే, పెళ్లి చేసుకుందామా అని అడిగారు. నేను క్యారియర్ మూత పెట్టేసి లేచి వెళ్లిపోయాను. మరునాటి నుంచి వేరే బల్ల దగ్గర తిన్నాను.

ఆ ఆదివారం కూరగాయలు తీసుకుని ఇంటికొస్తే, ఆయన మా అమ్మ ఎదురుగా కుర్చీలో ఉన్నారు. చెప్పులు విడిచి, సంచి పట్టుకునే గుమ్మంలో నిలబడ్డాను.

"మీ కూతుర్ని అడిగినానమ్మా. అవునని లేదు, కాదని లేదు. అందుకే వచ్చినాను," అన్నారు.

"కాదు," అన్నాను వెంటనే. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆయన మెల్లగా లేచారు. "సరే. ఇంగ అడగను," అని అమ్మకు దండం పెట్టి వెళ్లిపోయారు.

అమ్మ నావైపు తిరిగింది. "ఆ మనిషి చెడ్డోడా?"

"కాదు. నాన్న పోయినాక నువ్వెట్లయిపోయినావో చూసినాను. నాకు భయంగా ఉండాది."

అమ్మ నా దగ్గరికొచ్చింది. "మీ నాయన పోయినాడని ఏడ్చినానే గానీ, ఆయన్ని చేసుకుంటినే అని ఏ దినమూ ఏడ్వలేదు. నన్ను చూసి నువ్వు నేర్చుకున్నది ఇదా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్లూ ఆమె దుఃఖమే చూశాను. దానికి ముందు వాళ్లిద్దరూ ఎలా బతికారో ఒక్కసారైనా అడగలేదు.

సంచి అక్కడే వదిలి బయటికి పరుగెత్తాను. మా వీధి చివర చర్చి ముందు ఆయన బస్సు కోసం నిలబడి ఉన్నారు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

ఆయన నా పాదాల వైపు చూశారు. "చెప్పులు యాడ?"

అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఒట్టి కాళ్లతో వచ్చానని. "భయంగా ఉండాది," అన్నాను.

"నాకూ ఉండాది. ఒకసారి పోగొట్టుకున్నోణ్ణి కదా."

ఆయనకూ భయం ఉంటుందని నాకు అంతవరకూ తోచనే లేదు. బస్సు వచ్చి ఆగింది. ఆయన ఎక్కలేదు.

కోలారులో రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. ఇప్పటికీ ఆయన రావడం ఆలస్యమైతే నాకు భయమేస్తుంది. వచ్చాక ఆ మాట ఆయనకు చెప్పేస్తాను.