తుమ్మితే ఒక గుక్క

మా అత్తమ్మ ప్రభువునందు నిద్రించిందని చర్చి బయట పలక మీద సుద్దతో రాశారు. ఆ సోమవారం పొద్దున డయాలసిస్‌కి ఒంగోలు బయల్దేరాలి. జడ వేద్దామని దువ్వెన పట్టుకుని వెళ్తే మనిషి లేదు. పలక మీద ఆ మాట చూడగానే నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. నిద్రించడమేమిటి? ఆమెకి నిద్ర పట్టిందెప్పుడు గనక! కాళ్లు పీకుతున్నాయని ఆరేళ్లుగా మంచం మీద దొర్లిన మనిషి.

రెండు వారాలు కావస్తోంది. చర్చి పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. రాద్దామని కూర్చుంటే ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. ఆమెను నేను సుఖపెట్టానో, కష్టపెట్టానో కూడా తేల్చుకోలేకపోతున్నాను. చదివేవాళ్లు కాస్త సర్దుకోండి.

కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడు రోజులు ఆస్పత్రి మంచమే. నీళ్లు కొలిచి తాగాలి. పొద్దున్నే ఒక సీసా నింపేదాన్ని, రోజంతటికీ అదే. మా ఆయన పని మీద ఊళ్లు తిరిగే మనిషి కాబట్టి ఆ సీసాకి కాపలా నేనే. మా వైపు సాగర్ కాలవ నీళ్లు పొలాలకి వదలాలన్నా ఆపాలన్నా లస్కరు దయ ఉండాలి. "నువ్వు కోడలివి కాదే, కాలవ మీద లస్కరువి" అనేది అత్తమ్మ.

నేను టీచర్ని, శనివారం మధ్యాహ్నం బడి ఉండదు. స్కూటీ మీద అత్తమ్మని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లాలి, అది మా ఒప్పందం. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగి, కాసిన్ని నీళ్లు తాగి వెళ్లాలంటారు ఊళ్లో. మేం క్రైస్తవులం, శకునాలు పట్టించుకోం. కానీ సరిగ్గా స్కూటీ ఎక్కబోతూ అత్తమ్మ తుమ్మేది. మిరపకాయలు ఆరబోసి వీధంతా ఘాటెక్కే రోజుల్లోనే కాదు, వానాకాలంలో కూడా.

"ఆగవే అమ్మాయ్, తుమ్మొచ్చింది. ఒక గుక్క ఇవ్వు."

"మనం నమ్మం కదా అత్తమ్మా!"

"శకునాన్ని నమ్మం. నీళ్లని నమ్ముతాం."

దొంగ తుమ్మని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా సీసా తీసిచ్చేదాన్ని. ఒక్క గుక్క కాగానే "చాలు" అని చెయ్యి చాపితే బుద్ధిగా తిరిగిచ్చేసేది. మా ప్రయాణాలన్నీ అలాగే మొదలయ్యేవి.

చీరాలలో ఒకసారి మగ్గం చూస్తానంది. కొనేది లేదు, ఊరికే చూడ్డానికే. ఆ ఇంటావిడ కూర్చోబెట్టి గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చిచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను. అత్తమ్మ రెండు చేతులా అందుకుని, పెదాలకి ఆనించి, "ఎంత చల్లగా ఉన్నాయో తల్లీ" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. బయటికొచ్చాక, "తాగకపోతే మానె, ఇచ్చిన చేతిని కాదనకూడదే" అంది. వినుకొండ వెళ్తే కొండ ఎక్కలేక కింద టీ బంకు బల్ల మీదే కూర్చుండిపోయింది. నేను బాధపడుతుంటే, "పైకెక్కినవాళ్లకి కొండేం కనపడుతుందీ? నాకే కనపడేది" అని నవ్వింది. దారిలో పత్తి విచ్చుకున్న చేను కనిపిస్తే ఆపమని భుజం తట్టేది. దిగి, గట్టు మీద కళ్లు మూసుకుని ఏదో గొణుక్కునేది. ప్రార్థనా అని అడిగితే, "కాదు, కబుర్లు" అనేది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ అందరి చూపూ ఆమె మీదే. ఆమె స్వస్థత కోసం ఉపవాసాలున్నవాళ్లాయె, ఫలితం వినాలని ఉండదా మరి! అత్తమ్మ లేచి, "నిన్న చీరాల వెళ్లొచ్చాం. బాగుంది. దేవుడికి స్తోత్రం" అని కూర్చునేది. ఒకసారి పాస్టరుగారు ఉండబట్టలేక, "జబ్బు సంగతి చెప్పండమ్మా" అన్నారు.

"బాగుచెయ్యమని అడగడం మానేశానండీ అయ్యగారూ. శనివారం ఇమ్మని అడుగుతున్నాను. ఇస్తున్నాడు."

ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. అది విశ్వాసమో, విసుగో నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు. కానీ శనివారం సాయంత్రం ఆమె మొహంలో ఉండే వెలుగు చూస్తే మాత్రం అడగాలనిపించేది కాదు.

ఆఖరి శనివారం సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కొత్తపట్నం సముద్రానికి బయల్దేరాం. ఒంట్లో నీరు ఎక్కువైందని ముందు రోజే నర్సు నన్ను కేకలేసింది. ఆ మంట నాలో ఉంది. అత్తమ్మ ఎక్కబోతూ తుమ్మింది. సీసా కోసం నా వైపు చూసింది.

"చాల్లే అత్తమ్మా నాటకాలు, ఎక్కండి" అన్నాను.

ఎక్కి నా వెనక కూర్చుంది. అది దొంగ తుమ్మో, నిజం తుమ్మో నాకు తెలియదు. ఎదురింటి డాబా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి మరి.

సముద్రం దగ్గర అలల్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఇన్ని నీళ్లు! తాగడానికి ఒక్క గుక్క లేదు. దీని లస్కరెవరో నీకంటే గట్టివాడేనే" అని పడీపడీ నవ్వింది. మర్నాడు చర్చిలో, "నిన్న సముద్రం చూశాం. బాగుంది" అంది. ఆ మర్నాడు పోయింది.

గుంటూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు, "జబ్బు మనిషిని ఎండలో సముద్రానికి తిప్పుతావా వదినా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. తిప్పడం తప్పేనేమో. తిప్పకపోతే ఆ ఆరేళ్లు ఆమె బతికేది కాదేమో. అదీ తెలియదు. నన్ను తినేస్తున్నది మాత్రం ఆ గుక్క. శకునం నమ్మను. ఆగి నీళ్లు తాగితే బతికేదని అనుకోను. ఇవ్వకపోవడమే మంచిదని ఏ డాక్టరైనా అంటాడు. అయినా సరే, ఒక్క గుక్క ఇస్తే నా సొమ్మేం పోయేది? ఈ ఆలోచన ఎటు తిప్పినా అక్కడికే వచ్చి ఆగుతోంది.

పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికలో నన్నూ మాట్లాడమన్నారు. లేచాను. "మొన్న శనివారం కొత్తపట్నం వెళ్లాం. బాగుంది" అని కూర్చున్నాను. వెనకనుంచి ఎవరో సన్నగా "స్తోత్రం" అన్నారు. మా ఆడపడుచు గొంతు.

నిన్న శనివారం తనే అడిగింది. "అమ్మ ఎక్కడ కూర్చుందో నాకూ చూపించు వదినా." స్కూటీ బయటికి తీశాను. వీధంతా మిరప ఘాటు. ఎక్కబోతూ తను తుమ్మింది.

నేను స్కూటీ ఆపేశాను.

"మనం నమ్మం కదా వదినా" అంది.

లోపలికి పరుగెత్తాను. అత్తమ్మ సీసా గూట్లో ఎక్కడిదక్కడే ఉంది. నింపి తెచ్చిచ్చాను. ఎండకి దాహంగా ఉన్నట్టుంది, తలెత్తి గటగటా తాగడం మొదలుపెట్టింది. ఒక్క గుక్క దిగిందో లేదో, "చాలు" అన్నాను. నా చెయ్యి అప్పటికే సీసా కోసం చాపి ఉంది.

తను తాగడం ఆపి, ఆ చెయ్యి వంకే చూస్తూ నిలబడింది.