నాన్న నవ్విన ఫొటోలు

నాన్న నవ్వుతుండగా తీసిన ఫొటోలు అన్నయ్య కంప్యూటర్లో మాత్రమే ఉండేవి. రిటైరైన రోజున లోకో షెడ్డులో ఎవరి కెమెరాతోనో తీసినవి. ప్రింట్లు వేయిద్దాం వేయిద్దాం అంటూండగానే నాన్న పోయాడు. రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి ఈ హిందీ ఊళ్లోనే రాజ్‌కిశోర్ నగర్‌లో అద్దెకు దిగాం. సామాను లారీలో ఆ పాత కంప్యూటర్ ఎన్ని దెబ్బలు తిన్నదో, ఇక్కడికొచ్చి ఆన్ చేస్తే నల్ల తెర దగ్గరే ఆగిపోయింది.

అందులో అన్నయ్య లినక్స్ వేసుకున్నాడు. అది లేచేటప్పుడు ముందు మెమరీలో ఒక చిన్న తాత్కాలిక సిస్టమ్ లేస్తుంది. అసలు డిస్కును వెతికి, దానికి పని అప్పగించి తప్పుకుంటుంది. మాది ఆ చిన్నదాని దగ్గరే ఆగిందట. డిస్కు కటకటమంటోంది. అన్నయ్య ఏవేవో టైపు చేసి దాన్ని తెరిచాడు. ఫొటోల పేర్లు తెర మీదికి వచ్చాయి.

"ఉన్నాయేటిరా?" అంటూ అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సబ్ హై అమ్మా, అన్నీ ఉన్నాయి. డిస్కు పోయేలా ఉంది, ముందు వేరేచోట పెట్టేస్తున్నా."

అమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఒక్కో పేరు మీద వేలు పెట్టి, "ఇందల నవ్వుతున్నాడేటి మీ నాన్న?" అని అడిగింది.

అన్నయ్య ఫొటోలన్నీ కాపీ చేసింది ఆ తాత్కాలిక సిస్టమ్‌లోకే. కంప్యూటర్ పూర్తిగా లేచాక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించవచ్చనుకుని, ముందుకు సాగమని టైపు చేశాడు. ఈసారి డిస్కు దొరికింది, సిస్టమ్ అందులోకి మారింది. మారేటప్పుడు వెనకున్న తాత్కాలిక చోటునంతా, అందులోని కాపీలతో సహా, తుడిచేస్తుందని మా ఇంటి మేధావికి తెలియదు. పెన్‌డ్రైవ్ పెట్టేలోపే అసలు డిస్కు కూడా కీచుమని ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

తెలిసిన షాపులన్నీ తిరిగాం. లాభం లేదన్నారు. నేను అన్నయ్యను నానా మాటలూ అన్నాను. అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. జాలేసింది గానీ కోపం మాత్రం తగ్గలేదు.

సంవత్సరీకానికి ఫొటో కావాలి. డ్యూటీ గుర్తింపు కార్డులోదాన్ని పెద్దది చేయించాం. స్టూడియో అతను చెంప మీది స్టాంపు ముద్ర చెరిపి, చొక్కాకు రంగు వేసి ఇచ్చాడు. అమ్మ ఆ పటాన్ని చాలాసేపు చూసింది.

"ఎవులే ఈయన? మీ నాన్న ఒక్కనాడైనా నన్నిలగ చూసినాడేటి?" అంది నాతో.

అన్నయ్య దాన్ని బట్టలో చుట్టి అటక మీద పెట్టేశాడు. మా ఇంట్లో గోడ మీద నాన్న లేడు.