విద్యాసాగర్ ఫియటు, నైరుతి గోడ

మా ఎదురింటి విద్యాసాగర్ కారు కొన్న రోజున అశోక్‌నగర్‌లో ఎవరూ అసూయ పడలేదు. అది కారని ఎవరికీ తెలియలేదు గనుక. ట్రాలీ ఆటోకు తాడు కట్టి దాన్ని లాక్కొస్తుంటే, పాత సామాను కొనేవాడు ఈసారి కొంచెం పెద్ద బండి తెచ్చాడనుకున్నాం. మా ఆవిడ పాత పేపర్ల కట్ట చంకన పెట్టుకుని గేటు దాకా వెళ్లింది కూడా. లోపల స్టీరింగు పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"అన్నా! మీరేంది దీంట్ల?"

"ఫియటు కొన్న చెల్లె. బర్కత్‌పురల ఒక డాక్టర్ గారిది. ఒక్క చెయ్యి మీద నడిచిన బండి" అన్నాడాయన.

అది నిజమే అయి ఉండాలి. రెండో చెయ్యి తగిలి ఉంటే డోరు ఊడి ఆ చేతిలోకే వచ్చేది. రంగు ఒకప్పుడు మీగడ రంగట. ఇప్పుడు సగం తుప్పు, సగం పావురాల పుణ్యం. డ్రైవరు కాళ్ల దగ్గర రేకు తినేసి పోయి, కూర్చున్నచోటి నుంచే రోడ్డు కనిపించేది. ఆ సందులోంచి ఒక పిచ్చిమొక్క కూడా లేచింది. "ఏసీ అవసరం లేదు, కింద నుంచి మంచిగ గాలొస్తది" అన్నాడు విద్యాసాగర్. ఆయన నవ్వుతూ అనలేదు. అదే మా కష్టం. ఆయన ఏ మాటా నవ్వుతూ అనడు.

ఇదంతా 2010 సంగతి. విద్యాసాగర్ అప్పటికి ఒక సర్కారు ఆఫీసులో సూపర్నెంటు. జీవితమంతా ఫైళ్లతో గడిపిన మనిషి కాబట్టి, ఏది ఆగిపోయినా అది ఆగిపోయిందని ఒప్పుకోడు. "ప్రాసెస్‌ల ఉన్నది" అంటాడు. బోరు ఎండిపోతే ప్రాసెస్‌లో ఉంది. మోకాలి నొప్పి ప్రాసెస్‌లో ఉంది. ఇప్పుడు వాటికి ఫియటు తోడైంది.

"కార్లే కావాలంటె దునియల కొత్తయి లేవా?" అని ఆయన భార్య అరుంధతి గేటు దగ్గరే అడిగింది. "ఇది ఇంట్లకు తెస్తే నేను దీంట్ల కాలు పెట్ట. రాసిచ్చుమంటె రాసిస్త."

"ఆనాడు రావాల్సింది ఫియటు. ఫియటే రావాలె" అన్నాడాయన.

ఆనాడు అంటే ఏనాడో మా గల్లీ అందరికీ తెలుసు. ఎనభైల్లో వీళ్ల పెండ్లి. విద్యానగర్‌లో ఉన్న అత్తగారింటి నుంచి పెండ్లికూతుర్ని తన దోస్తు ఫియటులో తీసుకుపోతానని పెండ్లికొడుకు అందరి ముందూ గొప్పలు చెప్పాడు. సోపతిగాడూ రాలేదు, ఫియటూ రాలేదు. చివరికి పట్టుచీర, బాసింగం, అన్నీ కలిసి ఒక ఆటోలో ఇరుక్కుని అశోక్‌నగర్ చేరాయి. డ్రైవరు పక్కన వేలాడుతూ వచ్చింది అరుంధతి తమ్ముడు అభిజిత్. అప్పుడు వాడికి నిక్కరు. ఆ సాయంత్రం వాడు పెట్టిన పేరే అత్తగారింట్లో స్థిరపడింది. పండక్కి పోయినా, చావుకి పోయినా, "ఆటో బావ వచ్చిండు" అనే ఎదురొచ్చేవాళ్లు. అభిజిత్ పెరిగి, ప్లాట్ల దందాలో దిగి, పడవంత తెల్ల కారు కొన్నాక ఆ పిలుపు మరింత ముద్దుగా మారింది. ముద్దు చేసే మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి.

అందుకని విద్యాసాగర్ ఒట్టేసుకున్నాడు. కూతురు సంయుక్త పెండ్లికి ఆ పిల్ల ఇంటి నుంచి మండపానికి తండ్రి సొంత ఫియటులో, తండ్రి నడుపుతుంటే పోవాలి. అభిజిత్ తెల్ల కారులో మాత్రం పోకూడదు. ఒట్టు మనసులో వేసుకుంటే సరిపోయేది. ఈయన అత్తగారింట్లో భోజనాల దగ్గర, అందరూ వినేలా వేశాడు.

ఫియటు నైరుతి మూలన, పెద్ద గేటు పక్కన చేరింది. దాన్ని బాగుచేయడానికి రాంనగర్ నుంచి బుచ్చిబాబు అనే మెకానిక్ వచ్చాడు. ఈయన గోదావరి వైపు మనిషి. మర్యాద ఎక్కువ, రావడం తక్కువ. మొదటి రోజే ఇంజనంతా విప్పి, భాగాలను పాత చాప మీద పరిచి, "దీన్ని పెళ్లికూతురిలా చేసేద్దామండి" అని చెప్పి వెళ్లాడు. తర్వాత వర్షాలు పడ్డాయి, చలికాలం వచ్చింది, చాప చిరిగింది.

ఫోను చేస్తే ఒకటే జవాబు. "ఇవాళ బంద్ కదండీ!"

ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బందులు నిజంగానే వారానికొకటి ఉండేవి. బంద్ లేని రోజు కూడా బుచ్చిబాబుకు బంద్ ఉండేది. విద్యాసాగర్ ఏమనగలడు? తనే జెండా పట్టుకుని నారాయణగూడ చౌరస్తాలో కూర్చుని వచ్చిన మనిషి. ఉద్యమాన్ని తిట్టలేడు, ఉద్యమాన్ని అడ్డం పెట్టుకున్న ఆంధ్రా మెకానిక్‌ను తిడితే అదింకా లొల్లి. "పోనీ తియ్, రాష్ట్రం వస్తే కారు గూడ వస్తది" అని మాతో అనేవాడు.

మా వీధంతా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలే. లైబ్రరీకి పోతూ వస్తూ ఆ చాప దగ్గర ఆగేవాళ్లు. "అంకుల్, మా నోటిఫికేషన్ ముందొస్తదా, మీ కారు ముందొస్తదా?" అని ఒకడు. "అరే, సిలబస్‌ల పురావస్తు శాఖ ఉన్నది గద, ఇది చూస్కో" అని ఇంకొకడు. విద్యాసాగర్ వాళ్లకు కార్బురేటర్ గురించి శ్రద్ధగా పాఠం చెప్పేవాడు. పాపం, వాళ్లు నోట్సు కూడా రాసుకునేవాళ్లు. ఖాళీగా ఉన్నోడికి ఏదైనా సిలబస్సే.

ఏడాది తిరిగేసరికి ఫియటు ఇంటి సామానైపోయింది. బానెట్ మీద అప్పడాలు ఎండేవి. అద్దానికీ కిటికీ ఊచకూ మధ్య దండెం కట్టారు. వెనక సీట్లో పిల్లి ఈనింది. తీరిక దొరికినప్పుడల్లా విద్యాసాగర్ ముందు సీట్లో కూర్చుని పేపరు చదివేవాడు. అది కారని అందరికీ తెలుసు. కదిలే వస్తువని మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఈ మరుపు వల్లే మిగతా కథ జరిగింది.

2012లో సంయుక్తకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఏదీ కుదరలేదు. అరుంధతి భయపడి వాస్తు కనకయ్యగారిని పిలిపించింది. కనకయ్యగారు దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, పెద్ద గేటు దగ్గర ఆగి, ఎవరో పోయినట్టు తల ఊపాడు.

"నైరుతిల గేటు. ఈ ఇంట్ల నడువాల్సింది ఏదీ నడువదమ్మా."

"గదే గద నా బాధ" అన్నాడు విద్యాసాగర్, కూతురి వంక కాకుండా కారు వంక చూస్తూ.

గేటు మూసేసి గోడ పెట్టాలి, ఈశాన్యంలో కొత్త గేటు తెరవాలి అని తేల్చాడు కనకయ్యగారు. ఈశాన్యం అంటే పక్క సందు వైపు. ఆ సందులో స్కూటరు పోతుంది. ఎదురుగా ఇంకో స్కూటరొస్తే ఒకరు వెనక్కి పోవాలి. పాలమూరు నుంచి వచ్చి బస్తీలో ఉంటున్న మేస్త్రి పీరయ్య వచ్చి, పెద్ద గేటు పీకి, గోడ కట్టి, సిమెంటు గిలాబు చేసి, సున్నం వేసి పోయాడు. అరుంధతి దాని మొదట్లో మల్లెతీగ పెట్టింది. కనకయ్యగారు చూశాడు, పీరయ్య చూశాడు, బుచ్చిబాబు ఆ గోడకు ఆనుకునే చాయ్ తాగాడు. నేను రోజూ మా వరండాలోంచి చూశాను. ఒక్కరికీ, ఒక్క బుర్రకూ తట్టలేదు.

గోడ మహిమేమో, సంయుక్తకు సంబంధం కుదిరింది. ఇంకా వింత ఏమిటంటే, బుచ్చిబాబు రావడం మొదలుపెట్టాడు. డెంటింగ్ అయింది, రేకు అతికింది, మీగడ రంగు మీగడలా మెరిసింది. నారాయణగూడలో మండపం మాట్లాడుకుని వచ్చిన వారమే ఇంజను దగ్గింది, తుమ్మింది, మొరాయించింది, చివరికి నిజంగానే మోగింది. గల్లీకి గల్లీ బయటికొచ్చింది. విద్యాసాగర్ ఆనాడు బుచ్చిబాబును కౌగిలించుకున్న తీరు చూస్తే రాష్ట్రం ఇక విడిపోదని భయపడ్డాం.

పెండ్లికి ముందు శనివారం, చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి బండి తీసుకుపోయి పూజ చేయించాలనుకున్నారు. అభిజిత్‌ను కూడా కావాలనే పిలిచాడు విద్యాసాగర్. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. సంయుక్త హారతి ఇచ్చింది. విద్యాసాగర్ ఇస్త్రీ చొక్కాతో కూర్చుని, రివర్స్ గేరు వేసి, పద్ధతిగా మెడ వెనక్కి తిప్పి చూశాడు.

గోడ. దాని మీద మల్లెతీగ, రెండు మొగ్గలతో.

నిమ్మకాయలు చితికాయి. బండి ఆగింది. చేతిలో కొబ్బరికాయతో నేను ఆకాశం వైపు చూశాను.

"బావా," అన్నాడు అభిజిత్, చాలా నెమ్మదిగా, "ఏడికెళ్లి తీస్తవ్?"

విద్యాసాగర్ ఇంజను ఆపి, అద్దం తుడిచాడు. "ప్రాసెస్‌ల ఉన్నది" అన్నాడు.

అభిజిత్ నవ్వి నవ్వి మెట్ల మీద కూర్చున్నాడు. "ఫికర్ చెయ్యకు బావా, పెండ్లి రోజు నా బండి పంపిస్త. లేకుంటె ఆటో ఎట్లాగూ ఉండనే ఉన్నది."

"మామా, నీ బండి నేనెక్క" అంది సంయుక్త. "నాన్న కారు బయటికి రాకుంటె ఆటోలనే పోత. మా అమ్మ పోలేదా?"

ఆ మాటతో విద్యాసాగర్ గడ్డపార కోసం లేచాడు. అరుంధతి గోడకు అడ్డం నిలబడింది. "గోడ వచ్చినంకనే సంబంధం కుదిరింది. పెండ్లికి ముంగట ఒక్క ఇటుక కదిలిందంటే నేను మండపానికి రాను!"

"గోడ వచ్చినంకనే కారు గూడ స్టార్ట్ అయింది. దానికేం చెయ్యాలె?"

"పేపరు చదువుకోండ్రి దాంట్ల, ఇన్ని రోజులు చదివినట్టు."

మళ్లీ కనకయ్యగారే దిక్కయ్యాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, గేటు వేరు, గోడలో కంత వేరు అని చెప్పాడు. గోడ పగలగొట్టొచ్చు. గేటు మాత్రం పెట్టకూడదు, మనిషి నడవకూడదు, బండి మాత్రమే దాటాలి. అదే రోజు దీపాలు పెట్టే వేళకు గోడ మళ్లీ గోడలా ఉండాలి. అరుంధతి ఒప్పుకుంది. విద్యాసాగర్ ఆనందం పట్టలేక పీరయ్యను పిలిపించి, ఆఫీసులో ఆర్డరిచ్చినట్టు ఇచ్చాడు.

"పెండ్లి పొద్దున పలగ్గొట్టాలె. దీపం పెట్టేయాళ్లకు మళ్ల లేవాలె. ఎవరు చెప్పినా ఆపొద్దు. నేను చెప్పినా ఆపొద్దు. సమజైందా?"

"మీరు గట్ల చెప్పినంక ఇంకేంది సార్" అన్నాడు పీరయ్య.

పెండ్లి రోజున గోడ కూలింది. దుమ్ములోంచి పూలదండలేసుకున్న ఫియటు వెనక్కి, వెనక్కి, రోడ్డు మీదికి వచ్చింది. పీరయ్య మనుషులు చప్పట్లు కొట్టారు. వెనక సీట్లో సంయుక్త, ముందు విద్యాసాగర్. అరుంధతి మాత్రం రాసివ్వకపోయినా మాట తప్పలేదు. తమ్ముడి తెల్ల కారులో వెనకాల వచ్చింది. నేనూ అందులోనే ఎక్కాను. ఫియటులో ముడుచుకోవడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు.

ఆ ఫియటుకు ఒక గుణం మిగిలిపోయింది. ఎడమకు తిప్పితే చాలు, హారను దానంతటదే మోగుతుంది. బుచ్చిబాబు దాన్ని "సేఫ్టీ అండి" అన్నాడు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డంతా నడక వేగంతో వెళ్లాం. బస్సులు వెనక నుంచి తిట్టాయి, ఆటోవాళ్లు తల బయటపెట్టి చూశారు. వెనకాల అభిజిత్ గేరు మారుస్తూ ఉడికిపోయాడు. "అక్కా, నా బండి ఈ స్పీడుల నడువదే, బంద్ అయితది!" నిజంగానే ఆయన బండి రెండుసార్లు బంద్ అయింది. ముందున్నది ఒక్కసారీ ఆగలేదు. నారాయణగూడలో మండపం దగ్గర ఎడమకు తిరిగేసరికి హారను ఏకబిగిన మోగింది. పెండ్లికొడుకు వైపు వాళ్లు ఏ మంత్రిగారో అనుకుని లేచి నిలబడ్డారు. బ్యాండువాళ్లు హడావుడిగా అందుకున్నారు.

విద్యాసాగర్ దిగి, వెనక డోరు బయటి నుంచే తెరుచుకుంటుంది గనుక, తనే తెరిచాడు. కూతురు దిగింది. ఆయన బావమరిది కోసం చూశాడు. అభిజిత్ కాసేపు పూలదండ సర్దినట్టు నటించి, "దిగిండ్రు గద, లోపటికి పాండ్రి ఫియటు బావా" అన్నాడు.

ఆ తర్వాత పెండ్లిలో విద్యాసాగర్ ఎవరికీ కనిపించకుండా ఒక పది నిమిషాలు పార్కింగులో నిలబడ్డాడని విన్నాను. నేను వెళ్లి చూడలేదు. కొన్నిసార్లు వెటకారానికి కూడా సెలవివ్వాలి.

అప్పగింతలయ్యాయి. సంయుక్త అత్తగారి వాళ్ల కారులో వెళ్లిపోయింది. ఏడ్చి ఏడ్చి అలసిన అరుంధతి తమ్ముడి బండిలో ముందు, విద్యాసాగర్ ఫియటులో వెనక, మునిమాపు వేళకు అశోక్‌నగర్ చేరాం. ఫియటు ఇంటి మూలకు తిరిగింది. ఎప్పటి అలవాటో, ఎవరొచ్చి గేటు తీస్తారనో, ఆయన హారను కొట్టాడు.

ఎదురుగా తడి ఆరని కొత్త గోడ. దాని ముందు తాపీతో పీరయ్య, ముఖం వెలిగిపోతూ. "సార్, మీరు చెప్పినట్టే దీపం పెట్టకముందే లేపినం! మీ ఆఫీసాయన ఎవరో వచ్చి కారు రావాలె గద, ఆపుమన్నడు సార్. ఆపలే!"

విద్యాసాగర్ ఇంజను ఆపాడు. "మంచిగ కట్టినవ్ పీరయ్యా" అన్నాడు చివరికి. అభిజిత్ ఈసారి నవ్వడానికి కూడా ఓపిక లేక స్టీరింగు మీద తల ఆనించాడు.

అరుంధతి తెల్ల కారు దిగింది. గోడను చూసింది, మొగుణ్ని చూసింది, ఖాళీగా ఉన్న ఇంటిని చూసింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, సందులోకి కాకుండా ఫియటు వైపు నడిచి, ముందు డోరు రెండుసార్లు లాగి, ఎక్కి కూర్చుంది.

"ఎట్లాగూ బయటనే ఉన్నది గద" అంది. "గుడి మూయకముందే చిక్కడపల్లికి పాండ్రి. పూజ బాకీ ఉన్నది దీనికి."

విద్యాసాగర్ స్టార్ట్ చేశాడు. గల్లీ చివర ఎడమకు తిరిగినట్టున్నారు. హారను చాలాసేపు వినిపించింది.